వాన పడకపోయినా ఆగని జల్లు: కాస్మిక్ కిరణం ప్రోటానా, ఇనుమా?

అనంతపురం సముద్రమట్టానికి దాదాపు 335 మీటర్ల ఎత్తున ఉంది. ఆ ఊళ్లో మిద్దె మీద నిలబడితే నెత్తిన ప్రతి చదరపు సెంటీమీటరుకూ ఇంచుమించు ఒక కిలో గాలి ఉంటుంది. కంటికి కనపడదు కాబట్టి తేలికనిపిస్తుంది గానీ, అంత బరువు రావాలంటే కడప బండలను నాలుగు మీటర్లకు కాస్త తక్కువ ఎత్తున పేర్చాలి. అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణం ఇంత మందాన్ని దాటి తన అసలు రూపంతో నేలకు చేరలేదు. పైన ఇరవై కిలోమీటర్ల దగ్గరే నైట్రోజన్ కేంద్రకాన్నో, ఆక్సిజన్ కేంద్రకాన్నో గుద్దుకుంటుంది. అందులోంచి కొత్త కణాలు పుడతాయి, అవీ మళ్లీ గుద్దుకుంటాయి. మొదటి కణం శక్తి బాగా ఎక్కువైతే చివరికి లక్షలు, కోట్ల కణాలు జల్లులా కిందికి దిగుతాయి. రాష్ట్రంలోకెల్లా వాన తక్కువ పడే జిల్లా మీద ఈ జల్లు మాత్రం ఏ కార్తెలోనూ ఆగదు.

ఇంతకీ పైన గుద్దుకున్నది ఏది? ఒంటరి ప్రోటానా, హీలియమా, 26 ప్రోటాన్లూ 30 న్యూట్రాన్లూ మోసుకొచ్చిన ఇనుమా? నేల మీది డిటెక్టర్లకు దొరికేది శిథిలాలే. వాటిని బట్టి మొదటి కణం ఏదో చెప్పాలి. ముందుగానే ఒక మాట చెప్పుకోవాలి. ఒక్కొక్క కణానికి విడిగా పేరు పెట్టడం దాదాపు కుదరని పని. వేల జల్లులను కలిపి చూసినప్పుడే ఆ గుంపు కూర్పు గురించి ఏమైనా చెప్పగలం. 'భూమిని తాకిన ఇనుప కేంద్రకం' తరహా వార్త ఎక్కడైనా కనిపిస్తే కాస్త అనుమానంగానే చదవాలి.

తక్కువ శక్తుల దగ్గర ఈ చిక్కు లేదు. పరికరాన్నే గాలి పైకి పంపి కణాన్ని నేరుగా పట్టుకోవచ్చు. 1912లో విక్టర్ హెస్ బెలూన్ ఎక్కి 5,300 మీటర్ల దాకా వెళ్లి, ఈ రేడియేషన్ పైనుంచే వస్తోందని తేల్చాడు. అప్పటిదాకా చాలామంది అనుమానం నేలలోని రాళ్ల మీద ఉండేది. తుమ్మలపల్లె యురేనియం గని గురించి తెలిసిన కడప జిల్లా వాళ్లకు ఆ అనుమానం వింతగా తోచదు. 1948లో బెలూన్లలో పంపిన ఫొటోగ్రాఫిక్ ఎమల్షన్ పలకల మీద ప్రోటాన్లతో పాటు బరువైన కేంద్రకాల గీతలు కూడా దొరికాయి. ఆ పని చేసినవాళ్లలో ఒకరైన బెర్నార్డ్ పీటర్స్ తర్వాత బొంబాయిలో టాటా ఇన్‌స్టిట్యూట్‌లో కొన్నేళ్లు పనిచేశారు. ఆయన పేరు మళ్లీ వస్తుంది.

శక్తి పెరిగేకొద్దీ కణాలు అరుదైపోతాయి. కణాల శక్తిని ఎలక్ట్రాన్ వోల్టుల్లో కొలుస్తారు. 3×10¹⁵ ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర చదరపు మీటరుకు ఏడాదికి ఒకటి చొప్పున పడుతుంది. 10¹⁹ దగ్గరికి వచ్చేసరికి చదరపు కిలోమీటరుకు ఏడాదికి ఒకటి లెక్క. 10²⁰ దాటినవైతే చదరపు కిలోమీటరుకు వెయ్యేళ్లకు ఒకటి పడితే గొప్ప. పాత అనంతపురం జిల్లా విస్తీర్ణం 19,130 చదరపు కిలోమీటర్లు. జిల్లా అంతటా డిటెక్టర్లు పరిచి కూర్చున్నా అలాంటివి ఏడాదికి ఇరవైకి మించి దొరకవు. ఇలాంటి కణాన్ని పట్టే ఉపగ్రహాన్ని ఎవరూ కట్టలేరు. అందుకే గాలినే డిటెక్టరుగా వాడుకోవాలి.

ఆ దారి 1938లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త పియర్ ఓజే చూపించాడు. ఆల్ప్స్ పర్వతాల్లో 300 మీటర్ల దూరంలో పెట్టిన పరికరాలు ఒకే క్షణంలో మోగడం చూసి, ఇవన్నీ ఒకే తల్లికణం పిల్లలని గ్రహించాడు. దాని శక్తి 10¹⁵ దాకా ఉండాలని అంచనా కట్టాడు. జల్లు ఎలా పెరుగుతుందో చెప్పే లెక్క అంతకు ఏడాది ముందే, 1937లో, హోమీ భాభా, వాల్టర్ హైట్లర్ కట్టి ఉంచారు. గామా కిరణం ఎలక్ట్రాన్, పాజిట్రాన్ (ధనావేశమున్న ఎలక్ట్రాన్) జంటగా చీలుతుంది. ఆ ఎలక్ట్రాన్ మళ్లీ గామాను విడుస్తుంది. గాలిలో చదరపు సెంటీమీటరుకు సుమారు 37 గ్రాముల మందం దాటేసరికల్లా ఇలాంటి మలుపు ఒకటి వస్తుంది. కణాల సంఖ్య పెరుగుతూ, ఒక్కోదాని వాటాకు వచ్చే శక్తి తగ్గుతూ పోతుంది. ఆ వాటా 85 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల కిందికి పడగానే చీలడం మందగించి, జల్లు నీరసిస్తుంది. కణాలు అన్నిటికంటే ఎక్కువగా ఉండే చోటును గరిష్ఠ లోతు అంటారు. దీన్ని మీటర్లలో కాక, పైనుంచి ఎన్ని గ్రాముల గాలి దాటిందన్న లెక్కలో కొలుస్తారు. అనంతపురం నేల ఈ కొలతలో దాదాపు 1,000 గ్రాముల దగ్గర ఉంటుంది.

తల్లికణం పది రెట్లు బలమైనదైతే గరిష్ఠ లోతు సుమారు 55–60 గ్రాములు కిందికి జరుగుతుంది. ఇప్పుడు ఇనుము సంగతి చూద్దాం. దాని 56 కణాలు మొత్తం శక్తిని పంచుకుని వస్తాయి. అంటే ఒక్కోదాని శక్తి 56వ వంతే. కాబట్టి ఇనుప జల్లును 56 చిన్న ప్రోటాన్ జల్లులు ఒకేసారి పడినట్టు లెక్కగట్టవచ్చు. నిజానికి కేంద్రకం మొదటి దెబ్బకే 56 ముక్కలు కాదు, కానీ సగటుల వరకు ఈ లెక్క బాగానే పనిచేస్తుంది. చిన్న జల్లులు పైనే ముగుస్తాయి. 10¹⁸ దగ్గర ప్రోటాన్ జల్లు సుమారు 750 గ్రాముల లోతున గరిష్ఠానికి చేరితే, అదే శక్తి ఉన్న ఇనుప జల్లు 650 దగ్గరే చేరుతుంది. కూర్పు తేల్చే పని అంతా ఈ 100 గ్రాముల తేడా మీద నడుస్తుంది.

తేడా చిన్నదేమీ కాదు, కానీ దాన్ని మింగేసే అదృష్టం ఆట ఒకటుంది. ఆ శక్తి దగ్గర ప్రోటాన్ మొదటి దెబ్బ తగలడానికి సగటున 50 గ్రాముల గాలి దాటుతుంది. ఇది సగటు మాత్రమే. ఒకటి 10 గ్రాముల దగ్గరే తగులుకోవచ్చు, ఇంకొకటి 150 దాకా దిగవచ్చు. దాంతో ఒకే శక్తి ఉన్న ప్రోటాన్ జల్లుల గరిష్ఠ లోతులు 60 గ్రాముల అటూ ఇటుగా చెదిరి ఉంటాయి. ఇనుముకు మొదటి దెబ్బ అందులో మూడో వంతు దూరం కాకుండానే తగులుతుంది. పైగా 56 జల్లుల ఒడిదుడుకులు ఒకదాన్నొకటి సర్దుకోవడంతో చెదురు 20 గ్రాములకు తగ్గుతుంది. ఒక జల్లు 690 గ్రాముల దగ్గర గరిష్ఠానికి చేరిందనుకోండి. అది తొందరపడ్డ ప్రోటాన్ కావచ్చు, మామూలు కార్బన్ కావచ్చు, ఆలస్యమైన ఇనుము కావచ్చు. ఏదని అడిగితే నిజాయితీ గల జవాబు లేదు.

అయితే ఈ చెదురే ఒక ఆయుధం కూడా. సగటు లోతు ప్రోటాన్‌కూ ఇనుముకూ నడిమధ్యలో వచ్చిందనుకుందాం. అంతా హీలియంకూ కార్బన్‌కూ నడుమ బరువున్న ఒకే జాతి అయినా ఆ సగటే వస్తుంది, సగం ప్రోటాన్, సగం ఇనుము కలిసి వచ్చినా అదే సగటు వస్తుంది. చెదురు చూస్తే తేడా బయటపడుతుంది. రెండు గుంపుల సగటులే 100 గ్రాముల ఎడంలో ఉన్నాయి కాబట్టి మిశ్రమం చెదురు చాలా ఎక్కువగా ఉంటుంది. దీన్ని తిరగేస్తే ఇంకా పనికొస్తుంది. చెదురు తక్కువగా ఉంటే అక్కడ ప్రోటాన్లు ఎక్కువ లేవని, కలగాపులగం కూడా కాదని గట్టిగా చెప్పవచ్చు. సగటు లోతు చెప్పే కథ కంటే చెదురు చెప్పే కథే నమ్మదగ్గది, ఎందుకంటే జల్లు ఎలా పెరుగుతుందో కంప్యూటర్లో ఊహించే లెక్కల మోడళ్లు సగటు దగ్గర తడబడినంతగా ఇక్కడ తడబడవు.

గరిష్ఠ లోతును చూడటానికి టెలిస్కోపులు కావాలి. జల్లు దాటేటప్పుడు గాలిలోని నైట్రోజన్ 300–400 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిని సన్నగా విడుస్తుంది. వెన్నెల లేని, మబ్బు లేని రాత్రుల్లో మాత్రమే అది అందుతుంది, అంటే మొత్తం కాలంలో 15 శాతం దాకా. మన వైపు ఆకాశం పొడిగా ఉంటుంది కదా, ఇక్కడే పెట్టొచ్చు కదా అనిపించవచ్చు. దుమ్ము, నైరుతి మబ్బులు, ఊళ్ల లైట్లు కలిసి ఆ 15 శాతాన్ని కూడా మిగలనిచ్చేలా లేవు.

మిగిలిన 85 శాతం కాలానికి వేరే ఆధారం కావాలి. అదే మ్యూవాన్ల లెక్క. మ్యూవాన్ అంటే ఎలక్ట్రాన్ లాంటిదే, కానీ చాలా బరువైన కణం. గాలిలో గుద్దుకున్నప్పుడు పయాన్లు అనే క్షణికమైన కణాలు పుడతాయి. శక్తి ఎక్కువున్న పయాన్ ఇంకో కేంద్రకాన్ని గుద్దుకుంటుంది, తక్కువున్నది మ్యూవాన్‌గా మారిపోతుంది. ఇనుప జల్లు మొదలే చిన్న వాటాలతో కాబట్టి పయాన్లు తొందరగా ఆ దశకు వస్తాయి. దాంతో అదే శక్తి ఉన్న ప్రోటాన్ జల్లు కంటే 40 శాతం దాకా ఎక్కువ మ్యూవాన్లు నేలకు దిగుతాయి. ఎలక్ట్రాన్లను పలుచటి ఉక్కు, కాంక్రీటు ఆపేస్తాయి. మ్యూవాన్లను అవి ఆపలేవు. బెలుం గుహల్లో అన్నిటికంటే లోతైన పాతాళగంగ దగ్గరికి కూడా ఇవి చేరతాయి. 46 మీటర్ల సున్నపురాయిని దాటాలంటే మ్యూవాన్‌కు 25–30 గిగా ఎలక్ట్రాన్ వోల్టులు ఉండాలి. అంతటి మ్యూవాన్లు రోజూ వస్తూనే ఉంటాయి, పైన నేల మీద పడేవాటితో పోలిస్తే కొద్దిపాటివే అయినా.

ఈ పనికి మన పొరుగున పెద్ద చరిత్రే ఉంది. రాయలసీమ నుంచి ఎంతోమంది కూలికి వెళ్లిన కోలార్ బంగారు గనుల్లో టాటా ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు దశాబ్దాల పాటు పనిచేశారు. పైన నేల మీద జల్లును, అడుగున గనిలో దాని మ్యూవాన్లను ఒకేసారి కొలిచే ప్రయత్నం అక్కడ జరిగింది. 1965లో వాతావరణంలో పుట్టిన న్యూట్రినోలు (దేన్నీ దాదాపు తాకకుండా సాగిపోయే కణాలు) ప్రపంచంలో మొదటిసారిగా దొరికిన రెండు చోట్లలో ఆ గని ఒకటి. ఆ పరంపరలోదే ఇప్పటి ఊటీ గ్రేప్స్-3 ప్రయోగం. 2,200 మీటర్ల ఎత్తున, 25,000 చదరపు మీటర్లలో, 8 మీటర్ల ఎడంతో సుమారు 400 సింటిలేటర్ పలకలు, అంటే కణం తగిలితే మెరిసేవి, పరిచారు. పక్కనే 560 చదరపు మీటర్ల మ్యూవాన్ టెలిస్కోప్ ఉంది. ఆరు మీటర్ల పొడవున్న 3,712 గొట్టాలను రెండు మీటర్ల పైచిలుకు కాంక్రీటు కింద పెట్టి దాన్ని కట్టారు. జల్లు పరిమాణాన్ని పలకలు చెబితే, మ్యూవాన్ల సంఖ్యను గొట్టాలు చెబుతాయి. ఈ జత కొలతలతోనే 2024లో వాళ్లు ప్రోటాన్ల లెక్కను విడదీసి, శక్తి పెరిగేకొద్దీ వాటి సంఖ్య ఎలా తగ్గుతుందో చూపే గీత 166 టెరా ఎలక్ట్రాన్ వోల్టుల (1.66×10¹⁴) దగ్గర అనుకున్నంత వేగంగా కిందికి పడటం లేదని చూపించారు. సాదా గీత ఒకటి అక్కడ వంగిందంటే, ఆ కణాలను తోసేవి ఒకే రకం మూలాలు కావేమో అని ఆలోచించాల్సి వస్తుంది.

అంత ఎత్తుకు ఎందుకు ఎక్కాలి అంటే, 10¹⁵ శక్తి జల్లు గరిష్ఠం 600 గ్రాముల లోపే, అంటే నాలుగైదు కిలోమీటర్ల ఎత్తునే వచ్చేస్తుంది. కర్నూలు దాకా వచ్చేసరికి అది చాలావరకు ఆరిపోయి ఉంటుంది. చైనాలో కాస్మిక్ కిరణాల జల్లులను పట్టే లాసో కేంద్రాన్ని 4,410 మీటర్ల మీద కట్టింది అందుకే. 10¹⁹ జల్లుకైతే మైదానం చాలు.

ఇప్పుడు పీటర్స్ దగ్గరికి రావాలి. కాస్మిక్ కిరణాల సంఖ్య 3–4×10¹⁵ దగ్గర ఉన్నట్టుండి ఇంకా వేగంగా తగ్గుతుంది. ఆ వంపును మోకాలు అంటారు. పీటర్స్ చెప్పింది చాలా సరళం. నక్షత్ర పేలుళ్ల దగ్గరి అయస్కాంత క్షేత్రాలు కణాలను తోస్తున్నాయంటే, ఎంత శక్తి దాకా తోయగలవన్నది కణం విద్యుదావేశాన్ని బట్టి ఉంటుంది. ప్రోటాన్ ఒకచోట ఆగితే హీలియం దానికి రెండు రెట్ల దగ్గర, ఇనుము 26 రెట్ల దగ్గర ఆగాలి. జర్మనీలో కార్ల్స్‌రూహె వద్ద కాస్కేడ్ ప్రయోగం ఎలక్ట్రాన్లనూ మ్యూవాన్లనూ విడివిడిగా లెక్కపెట్టి, మోకాలు దగ్గర తగ్గుతున్నవి తేలిక కేంద్రకాలేనని చూపించింది. తర్వాత దాన్ని పెంచి కట్టిన కాస్కేడ్-గ్రాండే 2011లో బరువైన వాటికి వేరే మోకాలును 8×10¹⁶ దగ్గర పట్టుకుంది. 3×10¹⁵ను 26తో గుణిస్తే వచ్చేది అదే. ఈ రంగంలో ఇంత శుభ్రంగా కుదిరిన లెక్కలు ఎక్కువ లేవు.

అసలు గొడవంతా ఆ పైన మొదలవుతుంది. అర్జెంటీనాలో మలర్గ్వే దగ్గర ఉన్న పియర్ ఓజే అబ్జర్వేటరీ 3,000 చదరపు కిలోమీటర్లలో, అంటే పాత అనంతపురం జిల్లాలో ఆరో వంతు మేర, 1,660 నీటి ట్యాంకులతో పరుచుకుంది. ఒక్కో ట్యాంకులో 12 టన్నుల నీళ్లుంటాయి. ట్యాంకుకూ ట్యాంకుకూ మధ్య కిలోమీటరున్నర దూరం. చుట్టూ నాలుగు చోట్ల 27 టెలిస్కోపులు. అక్కడ దొరికిన కొలతల్లో సగటు లోతు సంఖ్య కంటే అది శక్తితో పాటు ఎలా మారుతోందన్నదే ముఖ్యం. కూర్పు మారకపోతే శక్తి పదింతలైనప్పుడల్లా లోతు 60 గ్రాములు పెరగాలి. ఇక్కడ 2×10¹⁸ దాకా 80కి కొద్దిగా తక్కువగా పెరుగుతోంది, ఆ తర్వాత ఒక్కసారిగా 26 దగ్గరికి పడిపోతోంది. అంటే ముందు కూర్పు తేలికవుతూ వచ్చి, తర్వాత బరువెక్కుతోంది. ఈ మాట చెప్పడానికి ఏ మోడల్ మీదా పెద్దగా ఆధారపడక్కర్లేదు. చెదురు కూడా అదే వైపు సన్నబడుతోంది. 2016లో ఇంకో ఆధారం వచ్చింది. 3×10¹⁸కూ 10¹⁹కూ మధ్య, లోతున గరిష్ఠానికి చేరిన జల్లులకు నేల మీద సంకేతం తక్కువగా ఉంది. ఒకే జాతి కణాలైతే ఈ సంబంధం ఇలా కనిపించదు. కాబట్టి అక్కడ రకరకాలవి కలిసి ఉన్నాయి, హీలియం కంటే బరువైనవి కూడా ఉన్నాయి.

అమెరికాలో యూటా రాష్ట్రంలో ఓజే లాంటి పనే చేసే టెలిస్కోప్ అరే అనే ప్రయోగం వాళ్లు చాలాకాలం తమ కొలతలు ప్రోటాన్లకే సరిపోతున్నాయని చెబుతూ వచ్చారు. ఇద్దరూ కలిసి కూర్చుని పరికరాల తేడాలు సర్దాక చూస్తే, యూటా దగ్గర ఉన్న జల్లుల సంఖ్యతో రెండింటి మధ్య తేడా తేల్చడం కష్టమని బయటపడింది. రెండు జట్ల పోటీగా రాసినంత పెద్ద గొడవ కాదది.

కూర్పు మీద ఇంత పట్టుదల ఎందుకంటే దిక్కు తెలియాలంటే అదే తెలియాలి. 2021 మే 27న యూటాలో 240 ఎక్సా ఎలక్ట్రాన్ వోల్టుల (2.4×10²⁰) కణం ఒకటి పడింది. దానికి అమతెరాసు అని పేరు పెట్టారు. అది వచ్చిన దిక్కున చెప్పుకోదగ్గ గెలాక్సీ ఏదీ లేదు. ప్రోటాన్ అయితే అంత శక్తితో దాదాపు నేరుగా వచ్చి ఉండాలి, అప్పుడు ఆ ఖాళీ పెద్ద చిక్కే. ఇనుమైతే 26 రెట్ల ఆవేశంతో అయస్కాంత క్షేత్రాల్లో వంగి వచ్చిందని సర్దుకోవచ్చు. ఏదో తేలలేదు. అది నేల డిటెక్టర్లకు మాత్రమే దొరికిన ఒంటరి జల్లు మరి. స్పెక్ట్రం, అంటే శక్తిని బట్టి కణాల సంఖ్య గీసిన గీత, చివర ఎందుకు తెగిపోతోందన్నదీ ఇలాంటి ప్రశ్నే. అక్కడ ప్రోటాన్లే అయితే 1966లో గ్రైసెన్, జట్సెపిన్, కుజ్మిన్ చెప్పినట్టు విశ్వమంతా నిండిన మైక్రోవేవ్ కాంతి వాటిని దారిలోనే అరగదీస్తోందనాలి. బరువైనవైతే మూలాలకే అంతకంటే తోసే సత్తా లేకపోవచ్చు.

ఇక మ్యూవాన్ల దగ్గర కథ అడ్డం తిరిగింది. ఓజే ట్యాంకులు 10¹⁹ దగ్గర లెక్కపెట్టిన మ్యూవాన్లు మోడళ్లు చెప్పిన దాని కంటే 30 శాతం, కొన్ని మోడళ్లతో పోలిస్తే అంతకు చాలా ఎక్కువే ఉన్నాయి. గరిష్ఠ లోతు చూస్తే మధ్యరకం బరువు అంటుంది, మ్యూవాన్ల సంఖ్య చూస్తే ఇనుము కంటే బరువు అనాల్సి వస్తుంది. రెండూ నిజం కాలేవు. తప్పు మోడళ్లలోనే ఉండాలి. లార్జ్ హాడ్రాన్ కొలైడర్‌లో 14 టెరా ఎలక్ట్రాన్ వోల్టుల ఢీ, నిలకడగా ఉన్న ప్రోటాన్‌ను 10¹⁷ శక్తి కణం గుద్దినదానికి సమానం. ఆ పైన జరిగేదంతా ఊహతో పొడిగించిన లెక్కే. పైగా జల్లును నడిపించేవి కొసన, ఢీకొన్న దిక్కులోనే దూసుకుపోయే కణాలు. కొలైడర్ డిటెక్టర్లకు సరిగా అందనివి కూడా అవే. 2025 జులైలో అక్కడ మొదటిసారి ఆక్సిజన్ కేంద్రకాలను ప్రోటాన్లతోనూ, వాటిలో వాటితోనూ గుద్దించారు. జల్లు గుద్దుకునే గాలిలో నైట్రోజన్‌తో పాటు ఉన్నది ఆక్సిజనే కాబట్టి ఈ రంగం వాళ్లు చాన్నాళ్లుగా అడుగుతున్న పని అది.

మ్యూవాన్ల కొలతను మాత్రమే అనుమానించి లోతును నమ్మితే సరిపోతుందని చాలాకాలం అనుకున్నారు. 2024లో ఓజే బృందం రెండు కొలతలనూ కలిపి సరిచూస్తే అలా కుదరలేదు. నేల మీది సంకేతాన్ని 15 నుంచి 25 శాతం పెంచడంతో పాటు, మోడళ్లు చెప్పే గరిష్ఠ లోతును కూడా 20 నుంచి 50 గ్రాములు కిందికి జరిపితేనే డేటాకు సరిపోతోంది. తక్కువ లోతు చెప్పే మోడల్‌ను ఎక్కువ, ఎక్కువ చెప్పేదాన్ని తక్కువ జరపాలి. దాంతో మోడళ్ల మధ్య తేడా చాలావరకు సర్దుకుంటుంది. కానీ అసలు జవాబు మారిపోతుంది. ప్రోటాన్‌కూ ఇనుముకూ ఉన్న తేడాయే 100 గ్రాములు. అందులో 20 జరిగితే నైట్రోజన్ అనుకున్న గుంపు సిలికాన్ దగ్గరికి చేరుతుంది. ఇప్పటిదాకా ప్రచురించిన సగటు బరువులన్నీ కాస్త తక్కువ చెప్పి ఉండవచ్చు. మోడల్ అవసరం లేని ఆ మూడు ఆధారాలు, అంటే వాలు, చెదురు, లోతుకూ సంకేతానికీ ఉన్న సంబంధం, ఈ కుదుపులోనూ కదల్లేదు.

ఓజే ట్యాంకుల మీద ఇప్పుడు సింటిలేటర్ పలకలు, రేడియో యాంటెనాలు అమర్చారు. పలకకు ఎలక్ట్రాన్ల వాటా ఎక్కువగా, ట్యాంకుకు మ్యూవాన్ల వాటా ఎక్కువగా అందుతుంది కాబట్టి, రెండింటినీ కలిపి చూస్తే వెన్నెల రాత్రులూ పగళ్లూ కూడా కూర్పు కొలతకు పనికొస్తాయి. వాళ్లు ముఖ్యంగా వెతుకుతున్నది 4×10¹⁹ పైన ఇంకా ప్రోటాన్లు మిగిలి ఉన్నాయా అని. పదింట ఒకటి ఉన్నా గుర్తించేలా ఈ మార్పులు చేశారు. దారిలో పెద్దగా వంగకుండా, పుట్టిన చోటును చూపించగలిగేది ఆ పదో వంతే.